తరగతి గోడ దాటిన వ్యాసం

2014 వేసవిలో ఒకనాటి సాయంకాలం పాకాల జంక్షనులో తిరుపతి బండి కోసం కాచుకొని ఉండి, ఒక పొట్లం వేయించిన చెనక్కాయలు కొన్నాను. కాయలు అయిపోయిన తరువాత కాగితం పారవేయబోయి చూతును గదా, అది మా కళాశాల విద్యార్థి వ్రాసిన వ్యాసం! అక్కడక్కడ ఎఱ్ఱసిరా గీతలు, అడుగున ‘బాగున్నది, వాక్యాలు చిన్నవి చేయవలెను’ అని నా దస్తూరి. ఏడాది చివర దిద్దిన కాగితాలను తూకానికి వేయడం మావద్ద పాత ఆచారం. అవి ఎక్కడికి చేరుతాయో అంతవరకు నేను ఆలోచించలేదు. ఆ కుఱ్ఱవాడు తన ఊరి బెల్లపు గానుగను గురించి రెండు పుటలు వ్రాసినాడు. రాత్రివేళ బాణలి కింద చెరకుపిప్పి ఎగదోస్తూ వాని తాత చెప్పే కథలు, ఆ మంట వెలుగులో నిద్రపోయిన పిల్లలు, తెల్లవారుజామున అచ్చుల్లో పోసిన బెల్లపు వాసన, అన్నీ అందులో ఉన్నవి. లోకంలో ఆ వ్యాసాన్ని చదివినవాడను నేనొక్కడనే. రెండవ పాఠకుని చేతికి అది పొట్లంగా చేరినది.

ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. రచన నేర్పే ఉపాధ్యాయుడు తరగతికొక వెబ్‌సైటు ఎందుకు పెట్టుకోవలెనని నన్నెవరైనా అడిగితే నేను చూపేది ఆ పొట్లం కాగితమే. తాను వ్రాసినదానిని దిద్దేవాడు తప్ప మరెవ్వరూ చదవరని తెలిసిన పిల్లవాడు ఆ దిద్దేవాని కోసమే వ్రాస్తాడు. నాకు నచ్చుతుందనుకున్న పద్యపాదాన్ని మొదట పెట్టి, నాకు నచ్చుతుందనుకున్న నీతిని చివర పెట్టి, నడుమ తనకు తెలిసిన సంగతిని ఎంత తక్కువ చెప్పవచ్చునో అంత తక్కువ చెప్పి ఊరుకుంటాడు. గానుగను గురించి వ్రాసిన ఆ కుఱ్ఱవాడు అపవాదమే.

ఈ బాధ కొత్తది కాదు. దీనికి మన పెద్దలు ఏనాడో ఒక మందు కనిపెట్టినారు: లిఖిత పత్రిక, గోడపత్రిక. 1980లలో మేము ఉన్నత పాఠశాలలో చదువుకొనే రోజుల్లో మా తెలుగు అయ్యవారు నెలకొకసారి పిల్లల రచనలు ఏరి, దస్తూరి బాగున్న వానిచేత తిరుగవ్రాయించి, వరండాలో ఒక అట్టమీద అంటించేవారు. నా మొదటి పద్యం ఆ అట్టమీదనే వెలుగు చూచినది. రెండవనాడు పై తరగతి విద్యార్థి ఎవడో పెన్సిలుతో ‘మూడవ పాదంలో గణం తప్పినది’ అని పక్కన వ్రాసిపోయినాడు. ఆ పద్యానికి అయ్యవారు ఏమన్నారో మరచిపోయినాను గాని ఆ పెన్సిలు వ్రాత ఇంకా కళ్ళముందు ఉన్నది. పాకాలకు దగ్గరలోని దామలచెరువులో మధురాంతకం రాజారాంగారు (1930–1999) బడిపంతులుగా ఉంటూనే కథలు వ్రాసినారు. ఆ కథలకు 1993లో కేంద్ర సాహిత్య అకాడమి బహుమానం వచ్చినది. బడికీ రచనకూ చుట్టరికం ఉన్నదని మా ప్రాంతం వారికి ఒకరు చెప్పనక్కరలేదు.

గోడపత్రికతో వచ్చిన చిక్కల్లా, గోడ ఉన్నచోటికి పాఠకుడు నడచి రావలెను. కుప్పంలోని అక్కగారు, దుబాయిలోని అన్నగారు, ఇంట్లో ఉన్న అవ్వ మా వరండాకు రాలేరు గదా! తరగతి సైటు అంటే, పాఠకుని దగ్గరకు పోయే గోడపత్రిక. అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. వెబ్‌సైటుకు జాలస్థలి అని కొందరు, జాలగూడు అని కొందరు పేర్లు పెట్టినారు. గూడు అన్న మాట నాకు ఇష్టం. పిల్లలు మాత్రం ‘సైటు’ అంటారు. మా వైపు సైటు అంటే ఇంటిస్థలం కాబట్టి, ‘తెలుగు సారు సైటు కొన్నాడట’ అని స్టాఫు గదిలో కొన్నాళ్ళు హాస్యం నడచినది.

1999 నుండి ఉన్న బ్లాగరు, 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్, గూగుల్ వారి సైట్స్, వీటిలో దేనితోనైనా ఒక పూటలో పైసా ఖర్చు లేకుండా తరగతి సైటు తెరవవచ్చును. కళాశాలకు సొంత సర్వరు ఉంటే మూడిల్ అనే ఉచిత సాధనం ఉన్నది. దానిని 2002లో లోకానికిచ్చిన మార్టిన్ డౌగియామస్ ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతంలో పెరిగినవాడు. బడి అందనంత దూరంలో ఉన్నందున చిన్ననాడు రేడియోలో పాఠాలు విన్నవాడు. దూరాన ఉన్న విద్యార్థి అవసరం ఆయనకు అనుభవంలో తెలిసినదే.

సైటుకూ వాట్సప్ బృందానికీ భేదం ఏమని నన్ను అడిగినవారున్నారు. 2020 మార్చిలో కళాశాలలు మూతపడినప్పుడు ఆ భేదం బాగా తెలిసివచ్చినది. అరవైమంది పిల్లలు నోటుపుస్తకపు పుటలను ఫోటో తీసి బృందంలో పంపినారు. ఆ ఫోటోల నడుమ శుభోదయాలు, జ్వరం కబుర్లు, పరీక్షలు ఎప్పుడని ప్రశ్నలు. మూడు దినాలు గడిస్తే ఎవరి వ్యాసం ఎక్కడున్నదో దేవునికెరుక. సంతలో కూర్చుని పుస్తకం చదువుకోమన్నట్లయినది మా పని.

మరొక సంగతి కూడా చెప్పవలెను. 2021–22 విద్యా సంవత్సరం నుండి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదువు ఇంగ్లీషు మాధ్యమానికి మారినది. దాని మంచిచెడ్డలు వేరే చర్చ. వాణిజ్యశాస్త్రం గాని వృక్షశాస్త్రం గాని చదివే పిల్లవానికి, తెలుగులో ఒక పుట కుదురుగా వ్రాసే అవకాశం ఇప్పుడు తెలుగు గంటలో తప్ప మరెక్కడా లేదు. ఆ గంటలో వ్రాసినది కూడా తూకానికి పోతే, వాడు ఇరవయ్యేండ్ల వయస్సుకే తెలుగు వ్రాత మానివేసినవాడవుతాడు.

ఇక అక్షరాల సంగతి. దీనిని కొంచెం విపులంగా చెప్పవలసి ఉన్నది, ఏమనగా తెలుగు ఉపాధ్యాయులు చాలామంది ఇక్కడికి వచ్చి వెనుదిరుగుతున్నారు. 2015లో నేను మొదటి సైటు తెరచినప్పుడు, ముప్పది వ్యాసాలను మా ఊరి డీటీపీ కొట్టులో కొట్టించి, ఆ ఫైళ్ళు అట్లే తీసుకొనిపోయి సైటులో పెట్టినాను. తెల్లవారి తరగతికి పోగానే పిల్లలందరూ ఒకటే నవ్వు. నా కంప్యూటరులో ముచ్చటగా కనిపించిన తెలుగు వారి ఫోన్లలో ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, కొక్కేలు కలిసిన గందరగోళంగా కనిపించినది. తప్పు నాదే. అచ్చుపనికి వాడే పాత ఫాంట్లలో తెలుగు అక్షరానికి సొంత చోటు లేదు. ఇంగ్లీషు అక్షరపు గదిలో తెలుగు రూపం అద్దెకున్నట్లు ఉంటుంది. ఆ ఫాంటు లేని యంత్రంలో అద్దెదారుడు మాయమై ఇంటి యజమాని బయటపడతాడు. యూనికోడ్ అన్నది దీనికి విరుగుడు. 1991లో వెలువడిన మొదటి యూనికోడ్ పట్టికలోనే తెలుగుకు 128 గళ్ళ సొంత స్థలం దొరికినది. అందులో ‘అ’కు ఒక సంఖ్య, ‘క’కు ఒక సంఖ్య, గుణింతపు గుర్తులకు వేరే సంఖ్యలు. ఏ దేశపు యంత్రమైనా ఆ సంఖ్యను చూచి ఆ అక్షరమే చూపవలెను. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతోపాటు గౌతమి అనే యూనికోడ్ ఫాంటు సామాన్యుల కంప్యూటర్లకు చేరినది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా పుట్టినది. ఇప్పుడు ప్రతి విద్యార్థి జేబులోని ఫోనులో తెలుగు కీబోర్డు ఉన్నది. ఆ ముప్పది వ్యాసాలనూ పిల్లలే వారంలో తిరిగి కొట్టి ఇచ్చినారు.

చేతిలో కీబోర్డు ఉండికూడా మన పిల్లలు తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాలతో కొట్టడానికి అలవాటు పడినారు. ఆ వ్రాతలో లకూ ళకూ, నకూ ణకూ భేదం పోతుంది. ‘కల’ వచ్చినదో ‘కళ’ వచ్చినదో చదివేవాడు ఊహించుకోవలసిందే. అందుచేత మా సైటులో ఒకే ఒక కఠిన నియమం పెట్టినాను: ఒక్క వాక్యం వ్రాసినా తెలుగు లిపిలోనే వ్రాయవలెను. మాట్లాడితే వ్రాసుకొనే సౌకర్యం తెలుగుకు 2017లో గూగుల్ ఫోన్లలో వచ్చినది. దానినీ కొందరు వాడుతున్నారు. నేను వద్దనలేదు. ఐతే మా వాళ్ళు ‘ఎనుము’ అంటే అది మరేదో మాటగా విని వ్రాయడం, పిల్లలు దానిని సరిచూడకనే పంపడం ఒకటి రెండుసార్లు జరిగినది. తరువాత సరిచూడడం కూడా ఒక పాఠమైనది.

వ్యాసం మొదటి ప్రతి నోటుపుస్తకంలోనే చేతితో వ్రాయిస్తాను. పక్కవాడు దానిని చదివి రెండు చోట్ల గీత గీస్తాడు. తరువాతనే సైటుకు ఎక్కుతుంది. ఎక్కినదాని కింద తోటి విద్యార్థులు అభిప్రాయం వ్రాయవలెను. ఐతే ‘బాగుంది’, ‘చాలా బాగుంది’ అని వ్రాయరాదు. తెలియని ఒక సంగతిని అడగవలెను. ఈ చిన్న కట్టుబాటు చేసిన మేలు నా ఎఱ్ఱసిరా ఇరవయ్యేండ్లలో చేయలేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. తిరుపతి కుఱ్ఱవాడొకడు తాతయ్యగుంట గంగమ్మ జాతరను గురించి వ్రాసినాడు. ‘ఈ జాతర అత్యంత వైభవంగా జరుగును, భక్తులు తండోపతండాలుగా వచ్చెదరు’ అని కరపత్రం వలె సాగినది. నేనైతే రెండు అన్వయదోషాలు దిద్ది మార్కులు వేసేవాడను. కుప్పం వైపు నుండి వచ్చిన ఒక అమ్మాయి కింద ఇట్లా అడిగినది: ‘బైరాగి వేషానికి ఒంటికి ఏమి పూస్తారు? బండ వేషం రోజు ఎవరినైనా తిట్టవచ్చునంట గదా, నువ్వు ఎవరిని తిట్టినావు?’ మూడవనాటికి వ్యాసం మారిపోయినది. ఎనిమిదేండ్లప్పుడు తన నాయన నామకొమ్ము నూరి ఒళ్ళంతా తెల్లగా పూసినది, అది ఎండి చర్మం బిగిసినది, మరునాడు కుంకుమతో ఎఱ్ఱగా మారి వీధిలో పోతూ తనను రోజూ కొట్టే లెక్కల అయ్యవారి ఇంటి ముందు నోరు తెరచి తీరా మాట రాక తిరిగివచ్చినది, అంతా వ్రాసినాడు. ఆ వ్యాసంలో భాష నేను నేర్పినది కాదు. అడిగిన మనిషికి జవాబు చెప్పవలెనన్న తొందర దానిని పుట్టించినది.

పుత్తూరు కట్టును గురించి వ్రాసిన మరొకనికి ఇటువంటిదే జరిగినది. ఎముక విరిగినవారు ఎక్కడెక్కడి నుండో పుత్తూరుకు వస్తారన్నది అందరికీ తెలిసిన సంగతే. వాడు ఆ సంగతే నాలుగు విధాల చెప్పినాడు. ‘కట్టు విప్పేటప్పుడు నొప్పి పుట్టదా?’ అని ఒకడు అడిగిన తరువాత గాని, చెయ్యి విరిగి కట్టు కట్టించుకొన్నది తానేనని బయటపెట్టలేదు!

2022 చివర నుండి వ్యాసాలు వ్రాసిపెట్టే యంత్రాలు వచ్చినవి. మా పిల్లలకూ అవి తెలుసును. ఒకడు ‘మా ఊరి చెరువు’ అని యంత్రం చేత వ్రాయించి పెట్టినాడు, తప్పులేని తెలుగు. కింద వాని ఊరివాడే ‘మన చెరువుకు తూము ఏ పక్కన ఉన్నది?’ అని అడిగినాడు. జవాబు రాలేదు. నేను కలుగజేసుకోవలసిన అవసరం కూడా రాలేదు.

సైటులో మాకు అన్నిటికంటె ఇష్టమైన పుట ‘మాటల మూట’. ప్రతి విద్యార్థి నెలకు ఐదు ఇంటిమాటలు తెచ్చి, వాటిని ఎవరినోట విన్నాడో, ఏ సందర్భంలో విన్నాడో వ్రాయవలెను. నాగలికి మడక, గట్టుకు గెనిమ, గేదెకు ఎనుము, బంగాళాదుంపకు ఉర్లగడ్డ. ఇవి మొదటి నెలలోనే వచ్చినవి. తరువాత వచ్చినవాటిలో నాకే తెలియనివి ఉన్నవి. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల మాండలిక వృత్తిపదకోశం వెలువరించినది. అందుకోసం పల్లెలకు పోయి రైతుల నోట మాటలు సేకరించినారు. ఆ గ్రంథాన్ని తరగతికి తెచ్చి చూపితే పిల్లలు మొదట వెదకినది తమ ఊరి మాటలు అందులో ఉన్నవా లేవా అని. లేవని తెలిసినప్పుడు వారి ముఖాలలో వెలిగిన గర్వం చూడవలసినది.

ఇంతవరకు చెప్పినది విని సైటు అంటే అన్నీ లాభాలే అనుకోరాదు. 2017లో నా తొందరపాటు వల్ల ఒక అపచారం జరిగినది. ఒక విద్యార్థిని తన ఇంటి మామిడితోటను గురించి వ్రాసినది. పూతలోనే తోటను వ్యాపారికి ఇచ్చివేసి, ఆ బయానాతో అక్క పెండ్లి చేసి, కాయల కాలంలో తమ తోటలో తాము కూలికి కోతకు పోయిన కథ. అంతకు మించిన వ్యాసం నా తరగతిలో రాలేదు. ఆ ఉత్సాహంలో ఆమెను సరిగా అడగకుండానే, ఊరు పేరుతోసహా, లోకమంతా చూచేటట్లు సైటు మొదటి పుటలో పెట్టినాను. వారంలో ఆ వ్యాసం ఊరిలోని ఫోన్లన్నిటికీ చేరినది. అక్క అత్తవారింట్లో మాటలు వచ్చినవి. వాళ్ళ నాయన కళాశాలకు వచ్చి వరండాలో నిలబడి, ఏమాత్రం గొంతు పెంచకుండా, ‘అయ్యా, మా బిడ్డ పరీక్షకు రాసింది అనుకున్నాం. ఊరికి రాసింది అనుకోలేదు’ అన్నాడు. ఆ క్షణంలోనే వ్యాసం తీసివేసినాను గాని, ఫోన్లలోనికి పోయినదానిని తీసివేయలేకపోయినాను. ఆ అమ్మాయి ఆ ఏడు తక్కిన వ్యాసాలన్నీ గ్రంథాలయం ఉపయోగాలు, వృక్షాల ఆవశ్యకత వంటి విషయాల మీద వ్రాసి ముగించినది. మార్కులు పూర్తిగా వచ్చినవి.

పాఠకుడు కావలెనని ఇంతసేపు వాదించిన నేను, ఎవరు పాఠకుడో నిర్ణయించే హక్కు వ్రాసినవారిదని ఆ దినాన తెలుసుకున్నాను. ఇప్పుడు మా సైటుకు రెండు వాకిళ్ళు. లోపలి వాకిలి తరగతికి మాత్రమే, తాళం ఉంటుంది. వ్రాసినవారు తమంతట తాము కాగితం మీద సంతకం చేసి అడిగితేనే వ్యాసం బయటి వాకిలికి వస్తుంది. వచ్చినా ఇంటిపేరు, ఊరిపేరు, ఫోటో ఉండవు. కోరితే కలం పేరు పెట్టుకోవచ్చును. కొందరు పెట్టుకొన్న కలం పేర్లు వింటే పాఠకులు నవ్వుతారు. ఎప్పుడు తీసివేయమన్నా కారణం అడగకుండా తీసివేస్తాను. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పదునెనిమిదేండ్లు నిండని వారి సమాచారం విషయంలో తల్లిదండ్రుల అనుమతి కావలెనన్నది. మొదటి సంవత్సరపు పిల్లలలో ఆ వయస్సువారు ఉంటారు కాబట్టి, ఈ సంగతి పాఠశాలల ఉపాధ్యాయులతోపాటు మాకూ వర్తిస్తుంది.

రెండవ దెబ్బ 2019లో తగిలినది. మా సైటు ఉన్న ఉచిత సంస్థ తన సేవ మానుకొన్నది. ముందుగా ఇంగ్లీషులో హెచ్చరికలు పంపినారట. వాటిని ప్రకటనలనుకొని నేను విప్పి చూడలేదు. నాలుగేండ్ల రచనలు ఒక రాత్రిలో పోయినవి. పెద్ద పెద్దవాటికే ఈ గతి పట్టినది. లక్షలాది సొంత పుటలకు ఇల్లయిన జియోసిటీస్ 2009లో మూతపడినది. ఉపాధ్యాయులు తరగతుల కోసం విరివిగా వాడుకొన్న వికీస్పేసెస్ 2018లో మూతపడినది. తిరుపతిలో ఉండి ఈ మాట తలచుకొన్నప్పుడు అన్నమాచార్యుల (1408–1503) రాగిరేకులు గుర్తుకు రాకమానవు. ఆయన 32,000 సంకీర్తనలు చెప్పినాడని ప్రతీతి. రాగిమీదికి ఎక్కి, తిరుమల గుడిలోని సంకీర్తన భాండారమనే రాతిగదిలో నిలిచి, మనకు దక్కినవి 14,000కు అటూ ఇటూ. శతాబ్దాల తరువాత అవి వెలికివచ్చి, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు వంటి పండితుల పరిష్కరణతో అచ్చయినవి. మా పిల్లల వ్యాసాలకు రాగిరేకులు అక్కరలేదు. ప్రతి సెమిస్టరు చివర బయటి వాకిలిలోని రచనలన్నీ కాగితం మీద అచ్చుతీసి, కుట్టించి, గ్రంథాలయంలో ఒక ప్రతి ఉంచుతున్నాము. ఫైలు ప్రతి ఒకటి కళాశాల కంప్యూటరులో, ఒకటి నావద్ద. తూకానికి వేయరాదని అట్టమీద పెద్ద అక్షరాలతో వ్రాయించినాను.

ఒక చిక్కు మాత్రం ఇంకా తీరలేదు. ఈ ఏడు నా తరగతిలో తొమ్మిదిమందికి సొంత ఫోను లేదు. వారిలో ఏడుగురు ఆడపిల్లలు. కళాశాల కంప్యూటరు గది వారికి వారానికి ఒక గంట దొరుకుతుంది, అదీ కరెంటు ఉంటే. అందుచేత వారి నోటుపుస్తకం చూచి స్నేహితులు కొట్టిపెడుతున్నారు. కొట్టేవాళ్ళు ఊరుకోక, ‘వొచ్చినాడు’ అని ఉన్నచోట ‘వచ్చాడు’ అని, ‘యాడికి’ అని ఉన్నచోట ‘ఎక్కడికి’ అని దిద్దుతున్నారు. మొన్న ఒక అమ్మాయి నోటుపుస్తకం పట్టుకొని వచ్చి, ‘సార్, ఇది మా అవ్వ మాట. ఆ పిల్ల టీవీ మాట చేసి పెట్టింది’ అన్నది. కొట్టిన అమ్మాయిని పిలిచి అడిగితే, ‘సార్, మీరే గదా తప్పులు దిద్దమన్నారు’ అన్నది. వచ్చే బుధవారం కంప్యూటరు గంటలో ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, నోటుపుస్తకం నడుమ పెట్టి, ఆ వ్యాసాన్ని మొదటి వాక్యం నుండి మళ్ళీ కొట్టించవలెనని అనుకుంటున్నాను.